బావగారు ఆ ట్రయల్‌లో చేరవచ్చా? పార్కిన్సన్స్‌ను నెమ్మదింపజేసే మందుల పరీక్షల గురించి

ప్రశ్న: అమెరికాలోని షార్లెట్‌లో ఉంటున్న మా బావగారికి 56 ఏళ్లు. ఈమధ్యే పార్కిన్సన్స్ తొలిదశ అని తేలింది. వ్యాధి వేగాన్ని తగ్గిస్తుందని ఆశిస్తున్న ఒక కొత్త మందు పరీక్షలో చేరతారా అని అక్కడి ఆసుపత్రివారు అడిగారు. ఈ వ్యాధికి మామూలుగా ఇచ్చే లెవోడోపా మాత్రను ఏడాదిపాటు వేసుకోకుండా ఉండాలట. చేరినవాళ్లలో సగం మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇస్తారట. అక్కయ్య భయపడుతోంది. అమ్మ ఇక్కడినుంచి దూలగొండి పొడి పంపుతానంటోంది. ఇన్నేళ్లు పరిశోధించినా ఈ వ్యాధిని నెమ్మదింపజేసే మందు ఒక్కటీ ఎందుకు రాలేదు? చేరమని చెప్పమంటారా?

జవాబు:

బావగారు చేరవచ్చు. అయితే ఏడాదిలోపు ఇబ్బంది పెరిగితే లెవోడోపా మొదలుపెట్టుకునే స్వేచ్ఛ ఆయనకు పూర్తిగా ఉండాలి. సమ్మతి పత్రంలో ఆ మాట స్పష్టంగా లేకపోతే వద్దనే అంటాను. అమ్మగారి దూలగొండి పొడి మాత్రం పంపవద్దు, ఎందుకో కింద చెబుతాను.

నేను నరాల వైద్యుణ్ణి. ఇలాంటి ట్రయల్స్‌లో రోగుల కదలికలు చూసి మార్కులు వేసే పని చాలాకాలం చేశాను. అందువల్ల ఫలానా మందు పార్కిన్సన్స్‌కు అడ్డుకట్ట వేసిందని పత్రికల్లో చదవగానే నాకు మొదట వచ్చే సందేహం ఒకటే: వ్యాధి నెమ్మదించిందా, లక్షణాలు తగ్గాయా? ఈ రెండింటినీ విడదీయడం ఎంత కష్టమో తెలిస్తే మీ ప్రశ్నకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

పార్కిన్సన్స్‌లో మెదడు కాండం పైభాగాన సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట, కదలికలకు కావలసిన డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు ఏళ్ల తరబడి చనిపోతూ వస్తాయి. చెయ్యి వణుకుతోందనో, చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆలస్యమవుతోందనో వైద్యుడి దగ్గరకు వెళ్లేసరికే వాటిలో పెద్ద భాగం పోయి ఉంటుంది. మిగిలినవాటిని కాపాడడం మీరడిగిన మందుల లక్ష్యం. లెవోడోపా పని అది కాదు. మన దగ్గర సిండోపా పేరుతో ఎక్కువమందికి తెలిసిన ఆ మాత్ర తగ్గిన డోపమిన్‌ను భర్తీ చేస్తుంది, అంతే. కారే తొట్టిలో నీళ్లు పోస్తుంటే మట్టం పెరుగుతుంది. చిల్లు పూడిందో లేదో మట్టాన్ని చూసి చెప్పలేం.

బతికున్న మనిషి మెదడులో ఎన్ని కణాలు మిగిలాయో లెక్కపెట్టే సాధనం లేదు. అందుకని బయటికి కనిపించే కదలికలకే మార్కులు వేస్తాం. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న ఎం.డి.ఎస్.-యు.పి.డి.ఆర్.ఎస్. కొలమానంలో కదలికల పరీక్షకు గరిష్ఠంగా 132 మార్కులు. మార్కులు పెరిగాయంటే వ్యాధి పెరిగినట్టు. చూపుడువేలితో బొటనవేలిని వీలైనంత వెడల్పుగా, వేగంగా పదిసార్లు తట్టమంటాం. కుర్చీలోంచి చేతులు కట్టుకుని లేవమంటాం. నడిపించి చూస్తాం. ప్రతిదానికీ సున్నా నుంచి నాలుగు. ముందురాత్రి నిద్ర పట్టకపోయినా, పరీక్షకు ముందు ఎవరితోనైనా వాదన జరిగినా, మార్కులు వేసే మనిషి మారినా రెండు మూడు అటూ ఇటూ అవుతాయి. వ్యాధి వల్ల ఏడాదిలో వచ్చే మార్పు కూడా తొలిదశలో చాలామందికి కొద్ది మార్కులే. వెతుకుతున్న తేడా, కొలతలోని తడబాటు దాదాపు ఒకే పరిమాణంలో ఉన్నప్పుడు వందల మందిని నెలల తరబడి గమనిస్తే తప్ప ఏమీ తేలదు.

ఈ చిక్కును అందరికీ నేర్పిన ట్రయల్ డేటాటాప్. దాని వెనుక కథ విచిత్రమైనది. 1982లో కాలిఫోర్నియాలో మత్తుమందుకు అలవాటుపడిన కొందరు యువకులు ఉన్నట్టుండి బిగుసుకుపోయి, వయసు మళ్లిన పార్కిన్సన్స్ రోగుల్లా ఆసుపత్రికి చేరారు. వాళ్లు ఎక్కించుకున్న కల్తీ సరుకులో ఎం.పి.టి.పి. అనే రసాయనం ఉందని విలియం లాంగ్‌స్టన్ బృందం 1983లో ప్రకటించింది. ఆ రసాయనం తనంతట తాను విషం కాదు. మెదడులోని ఎం.ఎ.ఓ.-బి అనే ఎంజైమ్ దాన్ని విషంగా మారుస్తుంది. ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే మందు సెలెజిలిన్ అప్పటికే ఉంది. దాన్ని ముందుగా ఇస్తే జంతువుల్లో ఎం.పి.టి.పి. దెబ్బ తప్పింది. ఇంకేం, అసలు వ్యాధినీ ఇదే ఆపుతుందేమోనని 1987లో అమెరికా, కెనడాలలో 800 మంది తొలిదశ రోగులతో పరీక్ష మొదలుపెట్టారు. కొందరికి సెలెజిలిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. లెవోడోపా అవసరం ఎవరికి ఎప్పుడు వస్తుందో చూడాలన్నది పథకం.

విటమిన్ ఇ వల్ల ఒరిగిందేమీ లేదు. సెలెజిలిన్ తీసుకున్నవారికి మాత్రం లెవోడోపా అవసరం సుమారు తొమ్మిది నెలలు వెనక్కి జరిగింది. 1989లో ఆ ఫలితం వెలువడినప్పుడు సంబరం అంతా ఇంతా కాదు. తరువాత సందేహాలు మొదలయ్యాయి. ఎం.ఎ.ఓ.-బి ఎంజైమ్ డోపమిన్‌ను కూడా విరగ్గొడుతుంది. దాన్ని ఆపితే ఉన్న డోపమిన్ ఎక్కువసేపు నిలుస్తుంది, లక్షణాలు కాస్త తగ్గుతాయి. లక్షణాలు తగ్గితే లెవోడోపా అవసరం ఎలాగూ ఆలస్యమవుతుంది. మందు మానిపించి కొన్ని వారాలు ఆగి చూశారు గానీ, మెదడులో ఆ ఎంజైమ్ సగం తిరిగి తయారవడానికే 40 రోజులదాకా పడుతుందని తరువాత తెలిసింది. రోగులను ఇంకా కొన్నేళ్లు గమనిస్తే నిలిచే ప్రయోజనమేదీ కనబడలేదు.

ఈ తికమక తీర్చడానికి ఒక చక్కని ఉపాయం వచ్చింది. చేరినవాళ్లను రెండు జట్లు చేస్తారు. ఒక జట్టుకు మొదటినుంచీ మందు, రెండో జట్టుకు సగం కాలం ఉత్తుత్తి మాత్ర, ఆ తరువాత మందు. మందు కేవలం లక్షణాలనే తగ్గించేదైతే రెండో జట్టు ఆలస్యంగానైనా మొదటిదాన్ని అందుకుంటుంది. వ్యాధినే నెమ్మదింపజేసేదైతే ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు ఎప్పటికీ వెనకబడే ఉంటారు. కాగితం మీద ఇంతకన్నా అందమైన తర్కం దొరకదు. రసాజిలిన్ అనే మందుతో అడాజియో పేరిట 1,176 మందిని ఇలాగే పరీక్షించి 2009లో ఫలితం ప్రకటించారు. రోజుకు 1 మి.గ్రా. తీసుకున్నవారిలో ముందు మొదలుపెట్టినవారే మెరుగ్గా ఉన్నారు. 2 మి.గ్రా. తీసుకున్నవారిలో ఆ తేడా లేదు! తక్కువ మోతాదు కణాలను కాపాడి, రెట్టింపు మోతాదు కాపాడకపోవడం ఏమిటి? పైగా 1 మి.గ్రా. జట్ల మధ్య తేడా కూడా ఆ కొలమానపు పాత రూపంలో, మొత్తం 176 మార్కులకు, 1.7 మాత్రమే. వ్యాధిని నెమ్మదింపజేస్తుందని రసాజిలిన్ మీద రాసుకోవడానికి 2011లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. సలహా సంఘం సభ్యులంతా ఒకే మాటగా వద్దన్నారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయమే. రసాజిలిన్ లక్షణాలకు మంచి మందు. ఆ పని చేస్తే చాలు.

ఇక లెవోడోపా సంగతి. మీ అక్కయ్య భయానికి, ట్రయల్ షరతుకు రెండింటికీ ఇదే ముడి. లెవోడోపా విషమని, తొందరగా మొదలుపెడితే తొందరగా పని మానేస్తుందని, ఐదేళ్ల పనితనాన్ని దాచుకోవాలని మన ఊళ్లలో, కొన్నిసార్లు వైద్యుల నోటే, వింటూ ఉంటాం. దాన్ని నమ్మి వణికే చేత్తోనే ఏళ్లు గడిపి, ఉద్యోగాలు వదులుకున్నవాళ్లను చూశాను. ఈ భయాన్ని నేరుగా పరీక్షించారు. 2004లో వెలువడిన ఎల్డోపా ట్రయల్‌లో 361 మందికి 40 వారాలు లెవోడోపా లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, తరువాత రెండు వారాలు ఆపి చూశారు. లెవోడోపా తీసుకున్నవాళ్లు మాత్ర ఆపాక కూడా మిగతావారికన్నా మెరుగ్గానే ఉన్నారు. విచిత్రమేమిటంటే మెదడు స్కాన్ మాత్రం ఎదురు చెప్పింది. వాళ్లలోనే డోపమిన్ గుర్తులు ఎక్కువ తగ్గినట్టు చూపించింది. మనిషి బాగున్నాడు, బొమ్మ బాగాలేదు. ఏది నమ్మాలి? లెవోడోపా ఆ స్కాన్ కొలతనే మారుస్తూ ఉండవచ్చన్న అనుమానం అప్పుడే వచ్చింది. అప్పటినుంచి స్కాన్ ఫలితాన్ని ఒంటరిగా నమ్మే ధైర్యం ఎవరికీ లేకపోయింది. 2019లో నెదర్లాండ్స్‌నుంచి వచ్చిన లీప్ ట్రయల్ ఈ వాదనకు చాలావరకు తెరదించింది. 445 మందిలో సగం మంది మొదటినుంచీ, మిగతావారు 40 వారాలు ఆగి లెవోడోపా తీసుకున్నారు. 80 వారాల చివర రెండు జట్లూ ఒకే చోట ఉన్నాయి. అంటే లెవోడోపా వ్యాధిని నెమ్మదింపజేయలేదు, వేగమూ పెంచలేదు.

ఘానాలో జరిగిన అధ్యయనం నాకు అన్నిటికన్నా ఇష్టం. అక్కడ మందు దొరకక లెవోడోపా సగటున నాలుగేళ్లు దాటాక మొదలైంది, ఇటలీలో రెండున్నరేళ్లలోపే. మాత్ర ప్రభావం మధ్యలో తగ్గిపోవడం, ఒళ్లు తెలియకుండా మెలికలు తిరగడం వంటి ఇబ్బందులు మాత్రం రెండుచోట్లా వ్యాధి మొదలైన కాలాన్నిబట్టి దాదాపు ఒకే సమయానికి వచ్చాయి. ఎప్పుడు మొదలుపెట్టారన్నది కాదు, వ్యాధి ఎంతకాలంగా ఉంది, మోతాదు ఎంత అన్నవే లెక్క. కాబట్టి బావగారు ట్రయల్ కోసం కొన్ని నెలలు లెవోడోపా లేకుండా ఉంటే ఆయన వ్యాధికి కీడూ లేదు, మేలూ లేదు. పోయేదల్లా ఆ కొన్ని నెలల సౌకర్యం. ఆయన కంప్యూటర్ మీద టైపు చేసుకోగలుగుతున్నారా, కారు భయం లేకుండా నడుపుతున్నారా అన్నవే చూడవలసినవి. ఇబ్బంది ఉంటే మీనమేషాలు లెక్కించకుండా మాత్ర మొదలుపెట్టాలి.

ఆశ పెట్టుకుని ఓడిపోయిన మందుల జాబితా పొడుగైనదే, తొందరగా దాటేస్తాను. కోఎంజైమ్ క్యూ10 మొదట 80 మందిలో బాగుందనిపించి, తరువాత 600 మందిలో విఫలమైంది. మందుల దుకాణంలో ఇప్పటికీ ఖరీదుగా అమ్ముతారు, ఆ డబ్బుతో పళ్లు కొనుక్కోవచ్చు. క్రియాటిన్‌ను 1,741 మందికి ఏళ్ల తరబడి ఇచ్చి 2013లో నిలిపేశారు. రక్తపోటు మందు ఇస్రాడిపిన్ 336 మందిలో మూడేళ్లు వాడినా తేడా లేదు. రక్తంలో యూరిక్ ఆమ్లం పెంచే ఇనోసిన్ వాడితే పెరిగినవి మూత్రపిండాల్లో రాళ్లే.

డిఫెరిప్రోన్ గురించి మాత్రం కాస్త ఆగాలి, బావగారి ట్రయల్‌కు దగ్గరి పోలిక ఉంది కనుక. థలసీమియా పిల్లల ఒంట్లో పేరుకునే ఇనుమును తీయడానికి మన దేశంలో చాలాకాలంగా వాడుతున్న మందు అది. పార్కిన్సన్స్‌లోనూ సబ్‌స్టాన్షియా నైగ్రాలో ఇనుము ఎక్కువగా చేరుతుంది కాబట్టి తీసేస్తే మంచిదేగా అనుకున్నారు. యూరప్‌లో 372 మందితో, ఎవరూ లెవోడోపా మొదలుపెట్టని దశలో, 36 వారాల పరీక్ష జరిగింది. 2022లో ఫలితం వచ్చింది. మందు తీసుకున్నవాళ్లు మొత్తం కొలమానంలో సగటున 15.6 మార్కులు దిగజారారు, ఉత్తుత్తి మాత్రవాళ్లు 6.3 మాత్రమే. లక్షణాలు భరించలేక లెవోడోపా వంటి మందు అవసరమైనవారు మందు జట్టులో 22 శాతం, ఉత్తుత్తి జట్టులో 2.7 శాతం. డోపమిన్ తయారుచేసే ఎంజైమ్‌కు ఇనుము కావాలి. దాన్ని లాగేస్తే ఉన్న కాస్త డోపమిన్ కూడా తగ్గి ఉంటుందన్నది ఎక్కువమంది ఇచ్చిన వివరణ. స్కాన్‌లో ఇనుము తగ్గినట్టే కనిపించింది, మనిషి మాత్రం దిగజారాడు. ఉత్తుత్తి మాత్ర దక్కినవాళ్లు ఇక్కడ అదృష్టవంతులు. అక్కయ్య భయపడుతున్నది ఉత్తుత్తి మాత్ర గురించైతే, ఆ వైపు ప్రమాదం తక్కువని చెప్పండి.

ఉత్తుత్తి మాత్ర లేకుండా నేరుగా మందు ఇచ్చి చూడవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పార్కిన్సన్స్‌లో అది కుదరదు. మేలు జరుగుతుందన్న ఆశే మెదడులో డోపమిన్‌ను విడుదల చేస్తుందని 2001లోనే స్కాన్లతో చూపించారు. అంటే ఆశ ఇక్కడ నిజంగానే మందులా పనిచేస్తుంది. అమెరికాలో 12 మందితో చేసిన ఒక చిన్న ప్రయోగం చెబితే నవ్వొస్తుంది: ఒకే ఉప్పునీటి ఇంజెక్షన్‌ను ఒకసారి 100 డాలర్లదని, మరోసారి 1,500 డాలర్లదని చెప్పి ఇచ్చారు. ఖరీదైనదని చెప్పినప్పుడు కదలికలు ఎక్కువ మెరుగుపడ్డాయి. పెద్ద ఆసుపత్రి, విదేశీ మందు, తెల్లకోటు అనేసరికి మన బంధువులు లేచి తిరగడంలో ఆశ్చర్యమేముంది? మార్కులు వేసే మాకూ ఈ మాయ తప్పదు. ఎదుటి మనిషికి మందు దక్కిందని తెలిస్తే చెయ్యి తెలియకుండానే ఒక మార్కు తగ్గిస్తుంది. అందుకే ఎవరికేమి ఇచ్చారో ఇద్దరికీ తెలియనివ్వరు.

వైఫల్యాలకు మరో కారణం, చేరినవాళ్లలో కొందరికి అసలు ఈ వ్యాధే లేకపోవడం. ఎల్డోపాలో స్కాన్ తీసినవాళ్లలో దాదాపు ఏడుగురికి ఒకరిలో డోపమిన్ లోపం కనిపించలేదు. తొలిదశలో అనుభవజ్ఞులు కూడా పొరబడతారు. వేరే రకం వణుకులు అలాగే ఉంటాయి. లేని వ్యాధిని ఏ మందూ నెమ్మదింపజేయలేదు కదా. ఈ విషయంలో ఈమధ్య మేలైన మార్పు వచ్చింది. పార్కిన్సన్స్ మెదడులో ఆల్ఫా-సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ తప్పుగా ముడుచుకుని పేరుకుంటుంది. ఆ ప్రొటీన్‌ను వెన్నునీటిలో పసిగట్టే పరీక్షను 2023లో 1,123 మంది మీద చేసిన ఫలితాలు వచ్చాయి. వ్యాధి ఉన్నవారిలో 87.7 శాతం మందిలో అది పట్టుకుంది. బావగారిని వెన్నులోంచి నీరు తీయడానికి ఒప్పుకుంటారా అని అడిగితే దానికే అయి ఉంటుంది. రెండు మూడు రోజులు తలనొప్పి రావచ్చు. నేనైతే అలా అడిగే ట్రయల్‌నే ఎక్కువ నమ్ముతాను, ఎవరిని చేర్చుకుంటున్నామో చూసుకుంటున్నారని అర్థం.

ఆ ప్రొటీన్‌నే పట్టుకునే ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీ మందులు, ఇప్పుడు బాగా చర్చలో ఉన్నాయి. సిన్‌పానెమాబ్ 357 మందిలో ఏ ప్రయోజనమూ చూపక ఆగిపోయింది. ప్రసినెజుమాబ్ 316 మందితో చేసిన మొదటి పరీక్షలో ముఖ్య లక్ష్యాన్ని అందుకోలేదు. తరువాత 586 మందితో పెద్దది చేశారు. 2024 డిసెంబరులో ప్రకటించిన ఫలితం, ఇది కాకతాళీయం కాదని చెప్పడానికి గణాంకాల్లో పెట్టుకునే గీత దగ్గరకు వచ్చి దాటలేకపోయింది. అయినా దాన్ని తయారుచేస్తున్న రోష్ కంపెనీ 2025లో మూడో దశకు, అంటే ఆమోదానికి ముందు జరిపే పెద్ద పరీక్షకు, వెళ్తామంది. గీత దాటని ఫలితంలో అక్కడక్కడా మెరుగు వెతుక్కుని ముందుకెళ్లడం ఈ రంగంలో పాత అలవాటు. మూడో దశలో నిలబడితే సంతోషంగా ఒప్పుకుంటాను.

మధుమేహం మందుల సంగతి మీరు వినే ఉంటారు. ఎక్సెనటైడ్ లండన్‌లో 60 మందిలో మేలు చేసినట్టు 2017లో కనిపించింది. దాని మీద ఎన్ని ఆశలో! బ్రిటన్‌లోనే 194 మందితో 96 వారాలు జరిపిన మూడో దశ ఫలితం 2025లో వచ్చింది, ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా లేదు. అదే కుటుంబానికి చెందిన లిక్సిసెనటైడ్ ఫ్రాన్స్‌లో 156 మంది మీద 2024లో కొంత మేలు చూపింది. ఏడాదిలో ఉత్తుత్తి మందువాళ్లు సుమారు 3 మార్కులు దిగజారితే వీళ్లు ఉన్నచోటే ఉన్నారు. కానీ దాదాపు సగం మందికి వికారం. వికారం వచ్చిందంటే తనకు అసలు మందే దక్కిందని రోగికి తెలిసిపోదా? ఇందాక చెప్పిన ఆశ ప్రభావం అక్కడే దూరుతుంది. బరువు తగ్గాలనో, పార్కిన్సన్స్‌కు మంచిదనో ఎవరైనా ఇప్పుడే ఆ ఇంజెక్షన్లు వేసుకుంటామంటే నేను వద్దనే చెబుతున్నాను. ఈ వ్యాధిలో బరువు తగ్గడమే ఒక సమస్య.

పాత, చవక మందులను ఈ పనికి పరీక్షించడం నాకు నచ్చిన దారి. దగ్గు సిరప్పుల్లో ఉండే ఆంబ్రాక్సాల్‌ను 2020లో 17 మందికి రోజుకు 1,260 మి.గ్రా. చొప్పున ఇచ్చి చూశారు, ఇప్పుడు బ్రిటన్‌లో 330 మందితో మూడో దశ పెట్టుకున్నారు. అది దగ్గుకు వాడే మోతాదుకు పదింతలకు పైమాటే. సిరప్పు సీసాలు తెచ్చి తాగితే వచ్చేది కడుపునొప్పి. మన ఇళ్లలో బీపీకి వేసుకునే టెల్మిసార్టన్, ప్రొస్టేట్ ఇబ్బందికి వాడే టెరజోసిన్‌లను వేర్వేరు జట్లకు ఇచ్చి ఒకే పెద్ద ట్రయల్‌లో, 1,600 మందితో, బ్రిటన్‌లోనే పరీక్షిస్తున్నారు. ఒకే ఉత్తుత్తి జట్టుతో అనేక మందులను పోల్చడం, పనిచేయని మందును మధ్యలో తీసేసి కొత్తదాన్ని చేర్చడం అందులో వెసులుబాటు. ఒక్కో మందుకు ఒక్కో ట్రయల్ పెట్టి పదేళ్లకొకటి చొప్పున ఓడిపోవడం కన్నా ఇది ఎంతో నయం. ఈ రెండు మందులూ రక్తపోటును తగ్గించేవే. పార్కిన్సన్స్‌లో లేచి నిలబడగానే బీపీ పడిపోవడం మామూలే కనుక సొంతంగా ప్రయత్నిస్తే కిందపడి తుంటి విరగ్గొట్టుకుంటారు.

దూలగొండి. అమ్మగారి నమ్మకంలో నిజముంది. ఆ గింజల్లో లెవోడోపా ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేసి చూపించారు, పార్కిన్సన్స్‌కు లెవోడోపా వాడాలన్న ఆలోచన రావడానికి రెండు దశాబ్దాలకు ముందే. సరిగ్గా అందుకే వద్దంటున్నాను. లెవోడోపా వేసుకోకూడదన్న ట్రయల్‌లో ఉండి ఆ పొడి తింటే బావగారు దొంగచాటుగా లెవోడోపా వేసుకున్నట్టే. ఆయన మార్కులు మెరుగుపడతాయి. ఉత్తుత్తి జట్టులో ఉంటే పనిచేసే మందు పనిచేయనట్టు కనిపిస్తుంది, మందు జట్టులో ఉంటే పనికిరానిది పనికొచ్చేదిగా తోస్తుంది. ట్రయల్‌లో లేకపోయినా పొడిలో ఎంత మోతాదు ఉందో సీసా సీసాకూ మారుతుంది, మాత్రలో అయితే మిల్లీగ్రాముల్లో తెలుస్తుంది. ఆయన ఏమేం తింటున్నారో, చ్యవనప్రాశతో సహా, అక్కడి నర్సుకు చెప్పమనండి.

ఇక బావగారు అక్కడ అడగవలసినవి. లెవోడోపా మధ్యలో మొదలుపెడితే ఆయన్ను ట్రయల్‌నుంచి తీసేస్తారా, లేక గమనించడం కొనసాగిస్తారా? మంచి ట్రయల్‌లో కొనసాగిస్తారు, అలా మొదలుపెట్టడాన్ని కూడా ఒక ఫలితంగా లెక్కిస్తారు. మందు లక్షణాలనూ తగ్గించేదైతే, ఆ ప్రభావాన్ని వ్యాధి నెమ్మదించడంనుంచి ఎలా విడదీస్తారు? ఈ ప్రశ్నకు పరిశోధకుడు తడుముకుంటే నాకు అనుమానమే. మందు వల్ల హాని జరిగితే ఖర్చెవరిది? మన దేశంలో 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వవలసిందే. అమెరికాలో అలాంటి పరిహారాన్ని తప్పనిసరి చేసే కేంద్ర చట్టం లేదు. వైద్యం అందుతుందా, డబ్బు ఇస్తారా లేదా అన్నది సమ్మతి పత్రంలో రాసి ఉంటుంది, ఆ పేజీ చదవకుండా సంతకం పెట్టవద్దు. ఆయన ఎప్పుడైనా కారణం చెప్పకుండానే మానుకోవచ్చు, దాంతో మామూలు వైద్యం ఆగదు. ఉద్యోగం మానుకుని వెళ్లవలసిన రోజులెన్ని, ప్రయాణం ఖర్చు ఇస్తారా అన్నవీ మొహమాటం లేకుండా అడగాలి.

ఒక హెచ్చరిక ఇక్కడి బంధువుల కోసం. ట్రయల్‌లో చేర్చుకుంటామంటూ డబ్బు అడిగేవాళ్లను నమ్మకండి. పార్కిన్సన్స్‌కు మూలకణాల ఇంజెక్షన్లంటూ లక్షలు గుంజేవాళ్లు మన నగరాల్లోనూ ఉన్నారు. మన దేశంలో ఈ వ్యాధికి ఆమోదం పొందిన మూలకణ చికిత్స లేదు. ఇక్కడ జరిగే నిజమైన ట్రయల్ సి.టి.ఆర్.ఐ. అనే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉంటుంది, 2009 జూన్‌నుంచి ఇది తప్పనిసరి. తెలుగువారికి ట్రయల్స్ కొత్తా కాదు: సఫినమైడ్ అనే పార్కిన్సన్స్ మందు మీద 669 మందితో జరిగిన ముఖ్యమైన పరీక్షకు నాయకత్వం వహించి 2014లో ఫలితాలు ప్రకటించినది హైదరాబాద్ నిమ్స్‌కు చెందిన రూపమ్ బొర్గొహైన్. అది ముదిరిన దశ లక్షణాలకు, మీరడిగిన తరహాది కాదు.

ట్రయల్‌లో చేరినా చేరకపోయినా బావగారు ఈ వారమే మొదలుపెట్టగలిగినది ఒకటుంది, వ్యాయామం. 2018లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో 128 మంది తొలిదశ రోగులను, ఎవరూ పార్కిన్సన్స్ మందు వాడనివారిని, మూడు జట్లు చేశారు. గుండె వేగం గరిష్ఠంలో 80 నుంచి 85 శాతానికి చేరేలా ట్రెడ్‌మిల్ మీద శ్రమించినవారు ఆరు నెలల్లో సగటున 0.3 మార్కులు దిగజారితే, ఏమీ మార్చుకోనివారు 3.2 దిగజారారు. ఇది కూడా లక్షణాల మెరుగుదలో, అసలు నెమ్మదింపో చెప్పలేని అధ్యయనమే; మందులకు పెట్టిన పరీక్షే దీనికీ పెడతాను. కాకపోతే వికారం లేదు, రాళ్లు లేవు. గుండె వైద్యుడికి ఒకసారి చూపించుకుని, చెమట పట్టేలా, వారానికి మూడు నాలుగుసార్లు. తీరుబడిగా నడిచే సాయంత్రపు నడక ఈ లెక్కలోకి రాదు. ట్రయల్‌లో చేరితే మాత్రం ఈ అలవాటును చేరకముందే మొదలుపెట్టి, చివరిదాకా ఒకేలా ఉంచుకుని, అక్కడివారికి చెప్పాలి. మధ్యలో మొదలుపెడితే మార్కులు దానివల్ల మారాయో మందువల్ల మారాయో తెలియదు.

సమ్మతి పత్రంలో లెవోడోపా గురించి రాసిన భాగాన్ని, హాని జరిగితే ఖర్చుల గురించిన భాగాన్ని బావగారు పేరు, ఆసుపత్రి వివరాలు కొట్టేసి మీకు పంపితే, ఆ రెండు పేరాలు నాకు చూపించండి. చదివి చెబుతాను.